తాళం తిప్పు, మాటాడకు

పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం మా అపార్టుమెంటు సెల్లారులో నా కారు స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే లోపలెక్కడో టిక్కుమంది, అంతే. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అదే. వాచ్‌మన్ వచ్చి చూసి బ్యాటరీ పోయిందన్నాడు. వాకింగ్ నుంచి వస్తున్న రెండో అంతస్తు బ్యాంకాయన ఆగి, బ్యాటరీ కాదు, సెల్ఫ్ మోటారు పోయిందన్నాడు. ఇద్దరూ కాసేపు వాదించుకుని, చివరికి తోద్దామనే మాట మీద ఒక్కటయ్యారు. నేను వాళ్ళని ఆగమని ఫోన్ తీశాను. విశాఖపట్నంలో మెకానిక్కులే కరువైనట్టు, ఘాట్ రోడ్డెక్కి అరకు దాటి వెళ్తే గాని దొరకని ఒక మేస్త్రీకి చేశాను. బండి మొరాయిస్తే నా వేలు ఇప్పటికీ ఆ నంబరు మీదికే పోతుంది.

ఎప్పటిలాగే ఆయన భార్య ఎత్తింది. నేను కుశల ప్రశ్నలు మొదలుపెట్టేలోపే చెప్పేసింది.

"ఆయన నేరు టీచరమ్మా. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో ఎల్లిపోనారు. మూడ్రోజులు జొరం, అంతే."

 ఆ వెంటనే ఆవిడ, తన ఇంట్లో ఏమీ జరగనట్టు, "బండేటయినాది?" అని అడిగింది. ఆ ప్రశ్న తట్టుకోలేకపోయాను. మళ్ళీ చేస్తానక్కా అని ఫోన్ పెట్టేసి సెల్లారు మెట్ల మీద కూర్చున్నాను. వాచ్‌మన్ మంచినీళ్ళు తెచ్చాడు, కారు కోసమే అంత బాధపడుతున్నాననుకుని.

అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలో ఒక చిన్న జంక్షన్. అక్కడ నాలుగు సిల్వర్ ఓక్ దుంగల మీద రేకులు పరిచి కట్టిందే ఆయన షెడ్డు. బోర్డు లేదు. రేకు అంచున వేలాడే పాత టైరొకటే గుర్తు. ఆ టైరు చూసి పంక్చరు కోసం ఆగినవాళ్ళని మాత్రం తిట్టి పంపేవాడు. పంక్చర్లు వేయడం ఆయనకి నామోషీ. బ్రేకులూ గేర్లూ బాగుచేసేవాడు గాని, మనసుపెట్టి కాదు. ఆయనకి నచ్చిన రోగం ఒక్కటే, కదలనని మొండికేసిన బండి. అలాంటిది వచ్చిందంటే పెళ్ళివారు దిగినంత సంబరం. చేతులు లుంగీకి తుడుచుకుని, వెనక్కి కట్టుకుని, బండి చుట్టూ రెండుసార్లు తిరిగేవాడు. మొదటి పావుగంటలో ఆయన పానా ముట్టుకోగా నేను చూడలేదు.

ఆయనకి పేరు లేక కాదు. ఆ చుట్టుపక్కల మేస్త్రీ అంటే ఆయనే. ఇళ్ళు కట్టేవాణ్ణి తాపీమేస్త్రీ అని విడిగా చెప్పుకునేవారు.

నేను అక్కడి ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకి భౌతికశాస్త్రం చెప్పడానికి విజయనగరం నుంచి వెళ్ళాను. ఎమ్మెస్సీ ఫిజిక్సు, దానికి తోడు కాస్త పొగరు. వెళ్ళిన నెలకే నా స్కూటరు మొరాయిస్తే, అర కిలోమీటరు తోసుకుంటూ షెడ్డుకి తీసుకెళ్ళాను. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా నోటి వంకే చూశాడు. కళ్ళలోకి కాదు, స్కూటరు వంకా కాదు, నోటి వంక. ఇదేం చూపు అని నాకు ఒళ్ళు మండింది.

అంతా అయ్యాక, "నిన్న ఎలాగ ఆపినావు?" అన్నాడు.

"నిన్న బాగానే ఉంది మేస్త్రీగారూ. ఇవాళే స్టార్ట్ కాలేదు."

"ఈయాలది నాకూ కనపడతన్నాది. నిన్న సెప్పు. బండి సెడేది నిన్న. మనకి తెలిసేది ఈయాల."

ఆలోచిస్తే, నిన్న సాయంత్రం దాన్ని స్కూలు బోరు పైపుతో తళతళలాడేలా కడిగాను. ఆ సంగతి చెప్పాను.

"ఇక్కడ ఆరు నెల్లు వానే కడుగుతాది. నీకేటి తొందరొచ్చినాది?" అంటూ ప్లగ్గు మీది రబ్బరు టోపీ లాగి, అందులోని నీళ్ళు నా అరచేతిలో ఒంపాడు. చెంచాడు కూడా లేవు. నా ఎమ్మెస్సీ ఆ చెంచాడు నీళ్ళలో మునిగింది. ఆ పూట ఇంటికి వచ్చి చాలాసేపు ఆయన్ని తిట్టుకున్నాను. మర్నాడు సాయంత్రం ఏ పనీ లేకుండానే షెడ్డు దగ్గర ఆగాను.

స్టార్ట్ కాలేదు అనే మాటని ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఒంట్లో బాలేదని ఊరుకుంటే డాక్టరు ఏం చేస్తాడు? "తిరగదా? తిరిగి రాజుకోదా? ముందు అది సెప్పు" అనేవాడు. తాళం తిప్పితే ఇంజను అసలు తిరగలేదంటే అది కరెంటు గొడవ: బ్యాటరీ, తీగెలు, సెల్ఫ్ మోటారు. గిరగిరా తిరిగి కూడా అంటుకోలేదంటే అది పొయ్యి గొడవ, లోపలికి నూనె అందలేదో గాలి అందలేదో చూడాలి. డీజిల్ ఫిల్టరులో నీళ్ళు చేరిన జీపుకి కొత్త బ్యాటరీ వేయించుకుని వచ్చినవాణ్ణి, "కట్టెలు తడిసిపోతే అగ్గిపెట్టె మార్సినావేటి?" అని అందరి ముందూ అడిగాడు. నేను ఈ రెండు రకాలనూ బోర్డు మీద రాసి తొమ్మిదో తరగతికి పాఠం చెప్పాను. పరీక్షలో రాని పాఠాల్లో పిల్లలు మర్చిపోనిది అదొక్కటే.

తర్వాత అసలు తంతు. డ్రైవరుని సీట్లో కూర్చోబెట్టి, "తాళం తిప్పు, మాటాడకు" అనేవాడు. అది డ్రైవరుకే కాదు, జంక్షన్ మొత్తానికి ఆజ్ఞ. టీ కొట్టులో పాటలు ఆగేవి. ఎవరో ఒకరు కోళ్ళని అదిలించేవారు. సంతకి వెళ్ళే ఆడవాళ్ళు నెత్తిన బుట్టలతో అలాగే నిలబడిపోయేవారు. బండికి ఇటు పక్క ఆయన, తల కొంచెం వంచి, బానెట్ మీదుగా ఎటో చూస్తూ. అటు పక్క, తిరగేసిన సోడా పెట్టె మీద భార్య, ఒళ్ళో చేటతో. చేటలో ఎప్పుడూ ఏవో గింజలు: రాజ్మా, మిరియాలు, కాఫీ. తాళం తిరగ్గానే ఆవిడ చెయ్యి ఆగేది. ఒక్కోసారి రాయి ఏరినట్టు వేలొకటి పైకి లేచేది, ఒక్కోసారి పిడికిలి బిగిసేది. పాపం, ఆవిడ కూడా పని మానుకుని ఊపిరి బిగబట్టిందే అనుకునేదాన్ని. అంతలో మేస్త్రీ "ఊఁ" అని తీర్పు చెప్పేవాడు. తీర్పు తప్పడం నేను చూడలేదు.

ఒక చలికాలం, హైదరాబాదు నుంచి వచ్చిన టూరిస్టు కుర్రాళ్ళ కారు టీ కొట్టు ముందు ఆగిపోయింది. "తాళం తిప్పు" అంటే వాళ్ళు నవ్వారు. "దీనికి తాళం తిప్పడం ఉండదు అంకుల్, బటన్ నొక్కడమే." అలాంటి బండి మేస్త్రీ అంతకుముందు ముట్టుకోలేదని నాకు తెలుసు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "అయితే అదే నొక్కు, మాటాడకు" అన్నాడు. నొక్కారు. అటు పక్క చేట మీద పిడికిలి బిగిసింది. లోపల మీటర్ల అద్దం మీద తాళం బొమ్మ ఒకటి మెరుస్తోంది.

"బండికి ఏటీ అవనేదు. నిన్ను గుర్తు పట్నేదు, అంతే. నిన్న ఏటి సేసినారు?"

జలపాతంలో దిగామన్నారు. బటన్ నొక్కిన కుర్రాణ్ణి జేబులో ఏముందని అడిగితే, వాడి మొహం అప్పుడు మారింది. తాళానికి బదులు దగ్గర ఉంచుకునే నల్ల బిళ్ళ తీస్తే దాంట్లోంచి నీళ్ళు కారాయి. "గొంతు పూడుకుపోనాది దానికి. దూరం నుంచి పలకనేదు. బటన్‌కి ఆనించి నొక్కు" అన్నాడు. కారు స్టార్ట్ అయింది. కుర్రాళ్ళు దిగి ఆయనతో ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటోలో కూడా ఆయన చేతులు వెనక్కే కట్టుకుని ఉంటాడు.

ఆయనకి నిజంగా కోపం తెప్పించేది డౌను. ఆ కొండల్లో బండి ఆపాలంటే ఎవరైనా ముందు వాలు వెతుకుతారు. డౌన్లో పెట్టి చక్రం కింద రాయి వేసి పోతారు. పొద్దున్న రాయి తీస్తే బండి దానంతటదే దొర్లుతుంది. గేర్లో వేసి క్లచ్ వదిలితే ఇంజను అందుకుంటుంది. బ్యాటరీతో పని లేదు, సెల్ఫుతో పని లేదు. అక్కడ ఇల్లు కట్టుకునేవాడు నీళ్ళకంటే ముందు వాకిట్లో డౌనుందా లేదా చూసుకుంటాడని మా స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్ళం. మేస్త్రీ మాత్రం నవ్వేవాడు కాదు.

"డౌన్లో ఎట్టీసి రోగం దాసేత్తన్నారు. ఏదో రోజు సదును నేల మీద ఆగిపోద్ది. అప్పుడు నా కాడికి పరిగెట్టుకొత్తారు."

అంత పేరున్నా ఆయన షెడ్డులో ఒక్కణ్ణీ పనికి పెట్టుకోలేదు. ఎవరైనా అడిగితే "మా ఇంటిది సాలు నాకు" అనేవాడు. ఫోన్ కూడా ముట్టేవాడు కాదు. ఆవిడ విని, ఆయనకేసి తిరిగి, ఒక్కో మాటా నిదానంగా చెప్పేది. గొప్ప మేస్త్రీ కదా, ఆ మాత్రం దర్జా ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ దర్జా నాకు ముచ్చటగా ఉండేది.

ఇక ఆ ఏప్రిల్ ఉదయం సంగతి. మా పదో తరగతి పిల్లలు తొమ్మిదిమంది పాడేరులో ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో నెగ్గితే పెద్ద కాలేజీలో సీటు, హాస్టలు, చదువంతా ఉచితం. నెగ్గకపోతే చాలామందికి చదువు అక్కడితో సరి. ఇద్దరికి ఇంట్లో సంబంధాలు కూడా చూస్తున్నారు. పది గంటలకి గేటు మూస్తారు, తర్వాత ఒక్క నిమిషం ఆలస్యమైనా రానివ్వరు. దారి రెండు గంటలు పైనే. అది గిరిజనుల ఇటుకల పండగ వారం. మగవాళ్ళు వేటకి, ఆడవాళ్ళు ఆటపాటలకి. బండి తోలేవాడంటూ ఎవడూ దొరకని రోజులు. బతిమాలి ఒక్క జీపు మాట్లాడుకున్నాను. ముందు రోజు సాయంత్రం గాలివాన వస్తే, చెట్టుకొమ్మలు విరిగి పడతాయని భయపడి డ్రైవరు జీపుని వాలులో పెట్టకుండా స్కూలు ఆవరణలో పెట్టాడు. సదును నేల మీద.

పొద్దున్న ఆరున్నరకి పిల్లలు నూనె రాసిన జడలతో, హాల్ టికెట్లు పట్టుకుని ఎక్కి కూర్చున్నారు. డ్రైవరు తాళం తిప్పాడు. జీపు కదలలేదు. పిల్లల్ని దింపి, వంటమనుషుల్ని పిలిచి, అందరం తోశాం. తడిసిన నేలలో చక్రాలు జారాయి గాని తిరగలేదు. పదడుగులు తోసేసరికి బురదలో దిగబడింది. గేటు వైపు అంతా ఎత్తు. డ్రైవరు జంక్షన్‌కి పరిగెత్తి మేస్త్రీని తీసుకొచ్చాడు. ఏడు దాటింది.

ఆయన వచ్చాడని నా గుండె కుదుటపడింది. చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగాడు. "తాళం తిప్పు, మాటాడకు" అన్నాడు. పిల్లలు నోళ్ళు మూసుకున్నారు. డ్రైవరు తిప్పాడు. మేస్త్రీ బానెట్ మీదుగా అటు చూశాడు. అటు పక్క మా వంటమనిషి నిలబడి ఉంది. "ఇంకోపాలి" అన్నాడు. తిప్పాడు. మళ్ళీ అటు చూశాడు. అలా ఐదుసార్లు తిప్పించాడు. ఆయన నుదుట చెమట పట్టడం అప్పుడే చూశాను.

"బ్యాటరీ అయ్యుంటాది" అన్నాడు చివరికి. అయ్యుంటాది అనే మాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు.

"లైట్లు భేషుగ్గా వెలుగుతున్నాయి కదా మేస్త్రీగారూ" అన్నాను.

ఆయన నా నోటి వంక చూసి, కాసేపు నేల వంక చూసి, "టీచరమ్మా, ఓపాలి ఇటొచ్చీ" అని వంటశాల వెనక కట్టెల మోపు దగ్గరికి నడిచాడు.

"నాకు సన్న సప్పుడు ఇనపడదు. శానా ఏళ్ళయినాది. మనుసుల మాట మొకం సూసి పోల్చుకుంటాను. బండికి మొకం నేదు కదా. మా ఇంటిది ఇని సెయ్యి సూపుతాది. అది పండక్కి పుట్టింటికి ఎల్లినాది."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. చేట, వేలు, పిడికిలి. ఆ జంక్షన్ మొత్తాన్ని నోరు మూసుకోమన్నది ఆయన వినడానికి కాదు. ఆవిడ వినడానికి.

"ఎవలికీ సెప్పకు. సెవుటి మేస్త్రీ కాడికి బండి ఎవలు తెత్తారు? ఇప్పుడు నువ్వు ఇను. బేగి. పరీచ్చ రాసే గుంటలకి టైమైపోతాంది."

నేను అటు పక్క నిలబడ్డాను. డ్రైవరు తాళం తిప్పాడు. ఏదో చప్పుడొచ్చింది. ఏదో చప్పుడొచ్చిందని పెదాలు కదిపాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఏదో అంటే ఏది? పదేళ్ళు శబ్దం పాఠం చెప్పినదాన్ని, ఒక చప్పుడు ఎలా ఉందో చెప్పలేకపోయాను. ఆయన దగ్గరికొచ్చి, డ్రైవరుకి వీపు తిప్పి, తన చేత్తో చూపించాడు. ఒక్కటే టిక్కయితే ఒక వేలు. టకటకా వరసగా కొట్టుకుంటే వేళ్ళన్నీ ఆడించాలి. అసలేమీ లేకపోతే పిడికిలి. తిరుగుతూ రాజుకోకపోతే మణికట్టు తిప్పాలి. అంతే, నాలుగు గుర్తులు. మళ్ళీ తాళం తిప్పించాడు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. ఒక వేలు ఎత్తాను.

ఆయన మొహం మారిపోయింది. మా మేస్త్రీ మళ్ళీ ఆ మొహంలోకి వచ్చాడు.

"ఒక్క టిక్కు. లైట్లు సూసినాను, తగ్గనేదు. బలం ఉంది. మరి మోటారుకి ఎందుకు అందనేదు?" అని బానెట్ ఎత్తి, ఇంకోసారి తిప్పించి, ఎక్సిలేటర్ తీగె మీద వేలు పెట్టాడు. వెంటనే తీసేసి, నా చెయ్యి పట్టుకుని దాని మీద ఆనించాడు. కాలుతోంది.

"కరెంటు ఎల్లినాది. తిరిగి రాడానికి దారి నేదు. ఈ తీగెమ్మట దొంగదారిన వత్తన్నాది. ఎల్లినది తిరిగి రావాల కదా టీచరమ్మా?"

కరెంటు బయలుదేరిన చోటికి తిరిగి చేరితేనే పని జరుగుతుందని ఏటా బోర్డు మీద గీసి చెప్పేదాన్ని నేను. ఆ గీత ఈ జీపులో ఎక్కడుందో నాకు తట్టనే లేదు. ఇంజను కింద, దాన్ని జీపు చట్రానికి కలిపే తీగె ఒకటుంటుంది, జడ అల్లినట్టు. అది పచ్చగా చిలుముపట్టి తెగి వేలాడుతోంది. మేస్త్రీ సంచిలోంచి లావుపాటి కేబులు తీసి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజను బోల్టుకి కరిపించాడు. "ఇప్పుడు తిప్పు" అన్నాడు. మాటాడకు అనలేదు. జీపు ఒక్క తిప్పుకి అందుకుంది, పిల్లలు అరిచిన అరుపుకి వంటశాల మీది కాకులు లేచిపోయాయి.

చక్రాల కింద కట్టెలు పరిచి జీపుని బురదలోంచి లాగుతుంటే, మేస్త్రీ డ్రైవరుని వదల్లేదు. "ఈ తీగె ఎప్పుడు తెగినాదిరా?"

"తెల్దు మావా. సెల్ఫు కొట్టి రెండేళ్ళయినాది. రోజూ డౌన్లోనే కదా."

"అదీ సంగతి. రెండేళ్ళు రోగాన్ని దొర్లించుకొచ్చినావు."

పదికి పావుగంట ముందు తొమ్మిదిమందీ గేటు లోపలికి వెళ్ళారు. నేను రోడ్డు పక్క రాయి మీద కూర్చుని ఏడ్చాను. సంతోషమో అలసటో నాకు తెలియదు. అప్పుడే ఇంకో సంగతి తట్టి, ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. డౌన్లో పెట్టి రోగం దాస్తున్నారని కొండల మీద అందరినీ తిట్టే మనిషి, తన చెవుల్ని అన్నేళ్ళూ డౌన్లోనే పెట్టి నడిపించుకొచ్చాడు. వారం తర్వాత ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన నా నోటి వంక చూసి, అర్థమయ్యాక, సోడా పెట్టె మీద ఉన్న భార్యని చూపించి పెద్దగా నవ్వాడు.

"అవును మరి. నా డౌను అదే."

ఆవిడ చేటలోంచి తలెత్తకుండా, "ఆ రోజు ఏలు బాగా ఎత్తినావంట టీచరమ్మా" అంది. లేచి లోపలికి వెళ్ళి నాకొక పనసపండు తెచ్చి ఇచ్చింది. స్కూటరు మీద దాన్ని ఎలా తీసుకెళ్ళాలో ముగ్గురం చాలాసేపు ఆలోచించాం.

బదిలీ మీద కొండ దిగేదాకా నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దిగాక కూడా చెప్పలేదు. మా ఇంట్లోవాళ్ళకి కూడా ఆయన చెవుల గురించే చెప్పి, ఎంత సూక్ష్మంగా వింటాడో అని మెచ్చుకునేదాన్ని. అబద్ధమాడుతున్నాననిపించేది కాదు.

సెల్లారు మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో గాని, వాచ్‌మన్‌కీ బ్యాంకాయనకీ మధ్య మళ్ళీ వాదన మొదలైంది. లేచి ఆ నంబరుకి మళ్ళీ చేశాను.

"సేత్తావనుకున్నాను" అంది ఆవిడ.

"షెడ్డు ఏం చేశావక్కా?"

"మూసే ఉంది. మేస్త్రీయే నేకపోతే ఎవలొత్తారు? ఒకాయన బొంగు చికెన్ కొట్టు ఎట్టుకుంటాను, ఇమ్మని తిరుగుతన్నాడు. రేపు మళ్ళీ వత్తాడు. ఏటి సెప్పాలో తెల్దు." వెంటనే, "బండి తిరుగుతాదా, తిరగదా?" అంది.

"తిరగట్లేదు."

"ఫోను బానెట్ కాడ ఎట్టు. లైట్లు ఎయ్యి. తిప్పు."

లైట్లు వేసి, బానెట్ ఎత్తి ఫోన్ లోపల పెట్టాను. ఇంకా వాదించుకుంటున్న ఆ ఇద్దరి వైపు తిరిగి, "తాళం తిప్పుతున్నాను, మాట్లాడకండి" అన్నాను. నా గొంతులో ఏముందో గాని ఇద్దరూ నోరు మూసుకున్నారు. తిప్పాను. వచ్చి ఫోన్ తీసుకుంటే అవతల ఏమీ వినపడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"అక్కా, వినపడిందా?"

"ఇన్నాను." అంది ఆవిడ. "ఏలు ఎత్తీసినాను టీచరమ్మా. ఎదర ఎవలూ నేరు."

 ఆవిడ గొంతు సవరించుకుంది.

"నోటితో సెప్పాల ఇప్పుడు. ఒక్క టిక్కు. లైట్లు?"

"తిప్పగానే ఆరిపోయినంత పనైంది."

"బ్యాటరీ సచ్చిపోతే టకటకా కొట్టుకుంటాది. ఇది అది కాదు. బ్యాటరీ కొసల కాడ తెల్లగా పూసి ఉంటాది, సూడు."

చూశాను. ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా ఉంది. వాచ్‌మన్ చేత వేడినీళ్ళు తెప్పించి, ఆవిడ చెప్పినట్టే మైనస్ ముందు ఊడదీసి, కడిగి తుడిచి, బిగించాను. బ్యాంకాయన పానా అందించాడు. తాళం తిప్పితే కారు ఒక్కసారికే అందుకుంది. ఆ చప్పుడు ఫోన్లో ఆవిడకీ వినపడింది.

"అక్కా, నువ్వే షెడ్డు తెరవచ్చు కదా" అన్నాను.

"నానూ అదే అనుకుంటన్నాను. సేతులు ఆయనవి. సెవులు నావి. సేతులికి ఎవల్నయినా ఎట్టుకోవచ్చు." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "టీచరమ్మా, అప్పుడాయన ఎవలికీ సెప్పొద్దన్నాడు కదా. సెప్పినావేటి?"

"లేదక్కా. ఒక్కళ్ళకి కూడా చెప్పలేదు."

"ఇప్పుడు సెప్పు. నీకు తెలిసినోళ్ళందరికీ సెప్పు. ఆ షెడ్డులో ఇన్నది నానని సెప్పు."